బరువుతో సుదూర నడకకు శారీరక సన్నద్ధత

వీపుసంచి, మూట, ఇరుముడి వంటి బరువును మోస్తూ గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి నడవడానికి శరీరాన్ని ముందుగా క్రమపద్ధతిలో తయారుచేసుకొనుటను బరువుతో సుదూర నడకకు శారీరక సన్నద్ధత అంటారు. పర్వతారోహకులు, సైనికులు, అటవీ సిబ్బంది, పాదయాత్రికులు దీనిని తమతమ పద్ధతులలో పాటిస్తారు. ఖాళీ చేతులతో పది కిలోమీటర్లు సునాయాసంగా నడిచే వ్యక్తి 15 కిలోల సంచి వేసుకొని అదే దూరం నడిచి మరునాడు మంచం దిగలేకపోవడం తరచు కనిపించే విషయమే. ఆయాసం లేకుండా నడవగల సత్తువ ఒకటి, బరువు మోయగల సత్తువ మరొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.

ఈ విద్య కొత్తది కాదు. రోమన్ సైనిక వ్యవస్థపై గ్రంథం రాసిన వెజిటియస్, కొత్తగా చేరిన సైనికులకు 60 రోమన్ పౌండ్ల వరకు, అనగా సుమారు 20 కిలోల బరువుతో నడక అలవాటు చేయించవలెనని చెప్పాడు. మన దేశంలో కావడి మోసినవారికి, బోయీలకు, సంతకు గంప నెత్తిన పెట్టుకొని నడిచిన స్త్రీలకు ఈ శిక్షణ ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వలేదు. చిన్ననాటి నుండి చేసిన పనియే వారికి శిక్షణ అయినది. ఆ పని తగ్గిపోయి, నడక మాత్రం మొక్కుగానో విహారంగానో మిగిలిన ఈ కాలంలో శిక్షణ అవసరం వచ్చింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. కోరుట్ల పట్టణం జగిత్యాల జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతంలో అత్యధికులు చేసే సుదూర నడక కొండగట్టు ఆంజనేయస్వామి పాదయాత్ర. మల్యాల మండలంలోని కొండగట్టు జగిత్యాల నుండి సుమారు 15 కిలోమీటర్లు. కోరుట్ల నుండి బయలుదేరినవారు జాతీయ రహదారిపై జగిత్యాల వరకు సుమారు 25 కిలోమీటర్లు, ఆపై మిగిలిన దూరం నడుస్తారు. సిరిసిల్ల వైపు నుండి వచ్చేవారు వేములవాడ మీదుగా వస్తారు. ఏ వైపు నుండి వచ్చినా సుమారు 40 కిలోమీటర్లు నడవక తప్పదు. ఆ చివరన గుట్ట ఎక్కవలెను.

ఇక్కడ హనుమజ్జయంతి రెండు పర్యాయాలు జరుగుతుంది. చైత్ర పౌర్ణమి నాటిది చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమి నాటిది పెద్ద జయంతి. రెండూ ఎండాకాలంలోనే వస్తాయి. దీక్ష తీసుకున్న స్వాములు 41, 21 లేదా 11 రోజుల పాటు మాల ధరించి, పాదరక్షలు లేకుండా, ఇరుముడి నెత్తిన పెట్టుకొని నడుస్తారు. ఇరుముడి బరువు కొద్ది కిలోలే. దానికి తోడు భుజాన వేలాడే సంచి, నీళ్ల సీసా, దుప్పటి కలిసి ఎంత అవుతుందో బయలుదేరేముందు తూచి చూసేవారు అరుదు. ఇదే ప్రాంతం నుండి శబరిమలకు వెళ్ళే అయ్యప్ప భక్తులు పంబ నుండి సన్నిధానం వరకు నీలిమల ఎక్కుడు ఎక్కవలసి ఉంటుంది.

నడకతో ఉద్యోగం ముడిపడినవారు కూడా ఉన్నారు. తెలంగాణ అటవీ బీట్ అధికారి నియామకంలో పురుషులు 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు 4 గంటలలో నడవవలెనని పరీక్ష పెట్టారు. పురుషుల విషయంలో ఇది గంటకు ఆరుంపావు కిలోమీటర్ల వేగం. బరువు లేకపోయినా, మామూలు నడకలో ఎవరూ ఆ వేగంతో నడవరు. అడవిలో ఉద్యోగం మొదలైన తరువాత బరువు కూడా వచ్చి చేరుతుంది.

ఈ ప్రాంతపు వృత్తులను గమనిస్తే శరీరం దేనికి అలవాటుపడినదో తెలుస్తుంది. మార్కెట్ యార్డులలో, రైసు మిల్లులలో పనిచేసే హమాలీలు 50 కిలోల బస్తాను అలవోకగా ఎత్తుతారు, అయితే ప్రతిసారి మోసే దూరం కొద్ది గజాలే. (వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. అంతకు మించిన బస్తాలు మోసిన తరం ఇంకా మన మధ్య ఉన్నది, వారి నడుములను అడిగితే సిఫారసు ఎందుకు అవసరమైనదో చెబుతాయి.) మోకు, ముత్తాదుతో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు తొడలు, పిక్కలు, పట్టు గట్టివి. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు గంటల తరబడి నిలబడగలరు, కాని ఎక్కుడు దిగుడు వారికి అలవాటు లేదు. బీడీలు చుట్టే స్త్రీలు రోజంతా మఠం వేసుకొని చాట ముందు కూర్చుంటారు కనుక తుంటి ముందుభాగపు కండరాలు బిగుసుకొని ఉంటాయి. అట్టివారు ఒక్కసారిగా 40 కిలోమీటర్లకు బయలుదేరితే మొదట నొచ్చేది కాళ్ళు కావు, నడుము. కార్యాలయాలలో, దుకాణాలలో కూర్చొని పనిచేసేవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

బరువు శరీరం నుండి ఎంత తీసుకొంటుంది

బరువుతో నడిచినప్పుడు ఖర్చయ్యే శక్తిని లెక్కగట్టే సూత్రాన్ని 1977లో పాండాల్ఫ్, గివోని, గోల్డ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనిషి బరువు, మోసే బరువు, వేగం, వాలు, నేల స్వభావం ఇందులోని అంశాలు. ఈ సూత్రం దిగుడుకు పనికిరాదు, ఎక్కువసేపు నడిచినప్పుడు అసలు ఖర్చు ఇంతకన్నా కొంత ఎక్కువే ఉంటుంది. అయినా పోల్చి చూసుకోవడానికి చక్కగా ఉపయోగపడుతుంది.

60 కిలోల మనిషి గంటకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో సమతల రోడ్డుపై ఖాళీగా నడిస్తే ఈ సూత్రం ప్రకారం గంటకు సుమారు 200 కిలోకేలరీలు ఖర్చవుతాయి. 15 కిలోలు మోస్తే సుమారు 235, 30 కిలోలు మోస్తే సుమారు 300. అనగా బరువు రెట్టింపు చేస్తే అదనపు శ్రమ రెట్టింపు కాదు, రెండున్నర రెట్లు దాటుతుంది. మోసే బరువుకు, సొంత బరువుకు గల నిష్పత్తి ఈ సూత్రంలో వర్గం రూపంలో ఉండడమే దీనికి కారణం. బక్కపలుచని మనిషి, బలిష్ఠుడైన మిత్రుడితో సమానంగా సంచి నింపుకొనుట ఎందుకు తప్పో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది వాలు. అదే మనిషి అదే 15 కిలోలతో అదే వేగంతో నూటికి పది పాళ్ళ ఎక్కుడు ఎక్కితే గంటకు సుమారు 520 కిలోకేలరీలు కావలెను. సమతలంపై అయ్యే ఖర్చుకు ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. వదులు ఇసుకలో నడిస్తే సమతలమైనా సుమారు 400 అవుతుంది. మానేరు వాగు ఇసుకలో అర్ధగంట నడిచినవారికి ఈ లెక్క వేరే చెప్పనవసరం లేదు. కాబట్టి ఎక్కుడులో వేగం తగ్గించుకొనుట బలహీనత కాదు. సమతలంపై నడిచిన వేగాన్నే గుట్టపైనా నిలుపుకోబోయేవాడు సగం దారిలో కూర్చుంటాడు.

మోసే తీరు

బరువు ఎంత అన్న దానితో పాటు ఎక్కడ ఉన్నది అన్నది కూడా ముఖ్యమే. నెత్తిన పెట్టుకున్న బరువు వెన్నెముకకు సూటిగా పైన ఉంటుంది కనుక మనిషి ముందుకు వంగనక్కరలేదు. తూర్పు ఆఫ్రికాలోని లువో స్త్రీలు తమ శరీర బరువులో ఐదవ వంతు వరకు నెత్తిన మోసినా అదనపు శక్తి ఖర్చు కావడంలేదని 1986లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కాని అది చిన్ననాటి నుండి మోసిన మెడలకు వర్తించే మాట. మన ఊళ్ళలో చుట్టకుదురు పెట్టుకొని బిందె మోసిన తరానికి ఉన్న మెడ బలం, ఏడాదికొకసారి ఇరుముడి ఎత్తేవారికి ఉండదు. అందువలన ఇరుముడిని రెండు చేతులతో మార్చిమార్చి పట్టుకొనుట, వీలున్నచోట దించి మెడను విశ్రాంతిపరచుట మంచిది.

నేపాల్ కూలీలు బుట్టను వీపున వేసుకొని దాని పట్టీని నుదుటికి తగిలించుకొంటారు. 2005లో ప్రచురితమైన పరిశోధనలో అక్కడి పురుష కూలీలు సగటున తమ శరీర బరువులో 90 శాతానికి పైగా, స్త్రీలు మూడింట రెండు వంతులు మోస్తున్నట్లు తేలింది. వారి రహస్యం కండ ఒక్కటే కాదు. వారు నెమ్మదిగా నడుస్తారు, మాటిమాటికి ఆగుతారు, ఆగినప్పుడు బుట్టను చేతికర్రపై ఆన్చి నిలబడతారు.

సాధారణ వీపుసంచికి నడుము పట్టీ ఉండవలెను. ఆ పట్టీ తుంటి ఎముకల అంచుపై కూర్చున్నప్పుడు బరువులో గణనీయమైన భాగం భుజాలను వదలి తుంటికి, అక్కడి నుండి కాళ్ళకు దిగుతుంది. నడుము పట్టీ లేని బడిసంచి వంటి సంచిలో పది కిలోలు నింపి నడిస్తే బరువంతా భుజాల మీదనే పడుతుంది. చంక దగ్గర, మెడ పక్కన ఉండే నాడులు గంటల తరబడి నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కడం, చేయి పైకి లేవకపోవడం జరుగవచ్చు. దీనిని రక్‌శాక్ పాల్సీ అంటారు. తిమ్మిరి మొదలైన వెంటనే సంచి దించవలెను, ఊరు వచ్చేదాకా ఓర్చుకొనుట సరికాదు.

సంచిలో బరువైన వస్తువులు వీపునకు ఆనుకొని, నడిమి భాగంలో ఉండవలెను. అడుగున దుప్పటి, బట్టలు, పైన వెంటనే కావలసినవి. సంచి బరువు కొత్తవారికి శరీర బరువులో ఐదవ వంతు దాటకుండుట మేలు. అలవాటైన ఆరోగ్యవంతులు నాలుగవ వంతు వరకు మోయవచ్చు. పిల్లల విషయం వేరు. బడిసంచి పిల్లవాని బరువులో పదవ వంతుకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన బడిసంచి విధానం చెబుతున్నది. బడికి వెళ్ళే పదిహేను నిమిషాలకే ఆ నియమం ఉన్నప్పుడు, పాదయాత్రలో తోడు వచ్చిన పిల్లవాని వీపుపై పెద్దల సామాను వేయుట ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కండరం, నరం, ఎముక

సాధన మొదలుపెట్టిన రెండు మూడు వారాలలోనే ఆయాసం తగ్గుతుంది. కండరాల బలం కూడా త్వరగానే పెరిగినట్లు కనిపిస్తుంది. నిజానికి మొదటి వారాలలో పెరిగేది కండ కాదు, కండరాన్ని నడిపించే నరాల నేర్పు. కండ ఆ తరువాత పెరుగుతుంది. కండరాన్ని ఎముకకు కట్టివేసే స్నాయుబంధాలు గట్టిపడడానికి నెలలు పడుతుంది.

ఎముక సంగతి మరింత చిత్రమైనది. కొత్త బరువు పడగానే ఎముక ముందుగా తనలోని పాత పదార్థాన్ని తొలగించుకొని, ఆ తరువాత కొత్తది పేర్చుకొంటుంది. అందువలన శిక్షణ మొదలైన కొన్ని వారాలకు ఎముక తాత్కాలికంగా బలహీనపడే దశ ఒకటి ఉన్నది. సరిగ్గా అప్పుడే ఆయాసం తగ్గి, కాళ్ళు తేలికపడి, సాధకునికి ఉత్సాహం వస్తుంది. దూరం, బరువు ఒక్కసారిగా పెంచుతాడు. పాదంలోని సన్నని పొడవాటి ఎముకలలో, కాలి ముందు ఎముకలో వెంట్రుకవాసి పగుళ్ళు ఏర్పడేది ఇటువంటి సమయంలోనే. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ కవాతు చేసే సైనికుల పాదాలలో ఈ వాపును మొదటిసారి వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు గనుక కారణం తెలియలేదు. నేటికీ దీనిని కవాతు పగులు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. మొదటి వారాలలో ఎక్స్‌రేలో కూడా ఇది కనిపించకపోవచ్చు. ఒక్క వేలితో చూపగలిగే చోట నొప్పి ఉండి, నడిచేకొద్దీ పెరిగి, విశ్రాంతితో తగ్గుతూ ఉంటే ఇదే అని అనుమానించి నడక మానవలెను.

సాధన క్రమం

బరువుతో కొండదారుల్లో నాలుగైదు రోజులు నడవదలచినవారికి 12 వారాల వ్యవధి ఉండుట మంచిది. మొదటి మూడు వారాలు బరువు వద్దు. వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల నుండి గంట వరకు, మాట్లాడగలిగేంత వేగంతో నడవవలెను. కోరుట్ల, జగిత్యాల వారికి కాకతీయ కాలువ కట్టలు, చెరువు కట్టలు ఇందుకు అనువైనవి. మట్టి దారి మోకాళ్ళకు తారు రోడ్డు కన్నా మెత్తన, లారీల భయం లేదు.

నాలుగవ వారంలో సంచి ఎత్తవలెను. శరీర బరువులో పదవ వంతుతో మొదలుపెట్టి, అనగా 60 కిలోల మనిషి 6 కిలోలతో ఆరంభించి, వారానికి కిలో లేదా కిలోన్నర చొప్పున పెంచుకుంటూ పోవలెను. ప్రతి నాలుగవ వారం పెంచడం ఆపి కొంత తగ్గించుకొనుట అవసరం. ఎముక కోలుకోవడానికి ఆ వారం వ్యవధి ఇస్తుంది. బరువు, దూరం, ఎక్కుడు అనే మూడింటిలో ఒక వారంలో ఒక్కటి మాత్రమే పెంచవలెను. మూడింటినీ కలిపి పెంచినవారే ఎక్కువగా దెబ్బతింటారు. బరువుతో నడక వారానికి రెండు రోజులకు మించనక్కరలేదు. వాటిలో ఒకటి సుదీర్ఘమైనది కావలెను. యాత్రకు ముందు పది రోజులు సాధన సగానికి తగ్గించుకొంటే శరీరం కోలుకొని ఉంటుంది.

సంచిలో నింపడానికి బియ్యం, ఇసుక మూటలు పనికివస్తాయి. నీళ్ల సీసాలు ఇంకా మంచివి. గుట్ట ఎక్కేటప్పుడు నిండు సీసాలతో ఎక్కి, పైన ఆ నీటిని చెట్లకు పోసి, తేలికైన సంచితో దిగవచ్చు. సాధన మొదటి దశలో మోకాళ్ళను కాపాడుకోవడానికి పర్వతారోహకులు పాటించే ఉపాయం ఇది.

మిగిలిన రోజులలో వారానికి రెండు పర్యాయాలు బలం పెంచే వ్యాయామాలు చేయవలెను. వీటికి ఖరీదైన జిమ్ అవసరం లేదు. తాలింఖానాలలో చేసిన బస్కీలు తొడలకు, పిరుదులకు నేటికీ మించినది లేని వ్యాయామం. మోకాలు ఎత్తున్న అరుగుపైకి ఒక కాలితో ఎక్కి, అదే కాలిపై భారం ఉంచి నెమ్మదిగా దిగుట, ఎక్కడానికి ఒక లెక్క, దిగడానికి మూడు లెక్కలు పెట్టుకొని చేయవలెను. మెట్టు అంచున మునివేళ్ళపై నిలబడి మడమలు ఎత్తి దించుట పిక్కలకు మంచిది. మోచేతులు, మునివేళ్ళపై శరీరాన్ని కర్రలా నిలుపుట పొట్ట, నడుములకు మేలు చేస్తుంది. ఒంటికాలిపై నిలబడుట చూడడానికి ఆటగా ఉన్నా, చీకటి దారిలో చీలమండ మడతపడకుండా కాపాడేది అదే.

నేలపై ఉన్న సంచిని ఎత్తుట కూడా నేర్చుకోవలసిన పనే. మోకాళ్ళు వంచి సంచిని ముందు తొడపైకి తెచ్చుకొని, ఒక భుజం దూర్చి, ఆపై వీపునకు తిప్పుకోవలెను. నడుము వంచి ఒక్క ఊపున ఎత్తి భుజాన వేసుకొనే ప్రయత్నంలో యాత్ర మొదటి అడుగుకు ముందే ముగిసినవారు ఉన్నారు.

మండల దీక్ష, సాధన

41 రోజుల మండల దీక్ష దాదాపు ఆరు వారాలు. తెల్లవారుజామున లేచుట, నియమితాహారం, మద్యం, పొగ మానుట అన్నీ ఇందులో ఉన్నాయి. రోజూ గుడికి వెళ్ళే దూరాన్ని క్రమంగా పెంచుకుంటూ పోతే ఈ ఆరు వారాలే చక్కని శిక్షణ కాలం అవుతుంది. తేలికైన ఇరుముడితో 40 కిలోమీటర్లు నడవడానికి అది చాలు. వారానికొకసారి నడిచే పెద్ద నడకను 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి చివరి వారానికి ముందు 25 వరకు తేగలిగితే యాత్ర నాడు శరీరం ఎదురుతిరగదు. ఇందుకు విరుద్ధంగా, 11 రోజుల దీక్ష తీసుకొనేవారికి పాదాల చర్మం గట్టిపడే వ్యవధి కూడా ఉండదు. అట్టివారు దీక్షకు ముందే నడక మొదలుపెట్టవలెను, లేదా దూరాన్ని రెండు రోజులుగా విభజించుకోవలెను. ఏకభుక్తం పాటించేవారు నడిచే రోజున దారిలో పండ్లు, మజ్జిగ, బెల్లం తీసుకొనే వెసులుబాటును తమ గురుస్వామితో ముందే మాట్లాడుకొనుట ఉచితం.

దిగుడు

ఎక్కుట కష్టం, దిగుట సులభం అని సామాన్యంగా భావిస్తారు. ఊపిరికి అది నిజం, కండరాలకు కాదు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ శరీరాన్ని, సంచిని ఆపవలసి వస్తుంది. సాగుతూ చేసే పనిలో కండరపు పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజుల తరువాత ముదురుతుంది. కొండ దిగిన మూడవ రోజున మెట్లు దిగలేక గోడ పట్టుకొనేది ఇందువలననే.

ఊరట కలిగించే విషయం ఒకటున్నది. ఒకసారి ఈ విధంగా నొచ్చిన కండరం కొన్ని వారాల వరకు అదే పనికి తిరిగి అంతగా నొవ్వదు. కాబట్టి యాత్రకు రెండు మూడు వారాల ముందు కొండగట్టు మెట్లపైనో, వేములవాడ సమీపంలోని నాంపల్లి గుట్టపైనో తేలికపాటి బరువుతో రెండు మూడు సార్లు దిగుడు సాధన చేస్తే ఎంతో ఫలితం ఉంటుంది. దిగేటప్పుడు చిన్న అడుగులు వేయుట, మోకాలిని పూర్తిగా నిటారుగా చాచకుండుట, చేతికర్ర వాడుట అవసరం. కర్ర ముసలితనానికి గుర్తు అనుకొనే యువకులు పర్వతారోహకుల చేతులు చూడవలెను.

పాదాలు

బూట్లు వేసుకొని నడిచేవారు కొత్త బూట్లతో యాత్రకు బయలుదేరరాదు. కనీసం నెల రోజులు వాటితోనే సాధన చేయవలెను. బొబ్బకు మూడు కారణాలు: రాపిడి, చెమ్మ, వేడి. చెమటకు తడిసిన నూలు మేజోళ్ళు తడిని పట్టి ఉంచుతాయి కనుక మార్చుకొనుటకు మరొక జత ఉండవలెను. చర్మం ఎర్రబడి మండుతున్నప్పుడే ఆగి అక్కడ ప్లాస్టరు పట్టీ వేసుకొంటే బొబ్బ రాదు. వచ్చిన బొబ్బ పైచర్మాన్ని పీకివేయరాదు. గోళ్ళను యాత్రకు వారం ముందు తీసుకోవలెను, మరీ లోతుగా కాదు.

పాదరక్షలు లేకుండా నడిచేవారు దీక్ష మొదటి రోజు నుండి ఉదయం పూట మట్టిదారిపై నడుస్తూ చర్మాన్ని గట్టిపరచుకోవలెను. ఎంత గట్టిపడినా మధ్యాహ్నపు తారు రోడ్డు వేడిని తట్టుకొనే చర్మం ఎవరికీ లేదు. చాలామంది రాత్రిపూట నడవడానికి ఇదే కారణం. రాత్రి నడకలో వాహనాల ప్రమాదం పెద్దది. రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేటట్లు ఒకే వరుసలో నడవవలెను, సంచులకు మెరిసే పట్టీలు అంటించుకోవలెను, ముందు వెనుకల నడిచేవారి చేతుల్లో దీపాలుండవలెను. కాషాయ వస్త్రం చీకటిలో డ్రైవరుకు కనిపించదు.

మధుమేహం ఉన్నవారి విషయంలో రాజీ పనికిరాదు. ఏళ్ళ తరబడి మధుమేహం ఉన్నవారిలో చాలామందికి అరికాలి స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా, చర్మం కాలినా తెలియదు. ఇంటికి వచ్చిన తరువాత రక్తపు మరక చూసి గాయం తెలుసుకొంటారు. ఆ గాయం మానక, చీము పట్టి, వేలు లేదా పాదం తీసివేయవలసిన స్థితి రావచ్చు. అట్టివారు యాత్రకు ముందు వైద్యునితో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకొనుట, మెత్తని పాదరక్షలు ధరించుట, ప్రతి మజిలీలో అద్దంతోనో తోటివారితోనో అరికాళ్ళు చూపించుకొనుట తప్పనిసరి. తోలు వద్దనుకొంటే గుడ్డతోనో రబ్బరుతోనో చేసినవి దొరుకుతాయి.

ఎండ

ఈ జిల్లాలలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో పనిచేయడానికి శరీరం అలవాటు పడడానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. ఈ కాలంలో చెమట త్వరగా పట్టడం మొదలై, అందులో ఉప్పు తగ్గి, గుండె వేగం అదుపులోకి వస్తుంది. రోజంతా ఏసీ గదిలో ఉండేవారికి ఈ అలవాటు ఉండదు. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన వ్యక్తి అక్కడ ఎండలో పనిచేసినవాడైతే తట్టుకొంటాడు, చల్లని గదిలో పనిచేసినవాడైతే తట్టుకోలేడు. దేశం కాదు, పనిచేసిన చోటు ముఖ్యం.

నీరు కొద్దికొద్దిగా తాగవలెను. చెమటను బట్టి గంటకు అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు చాలామందికి సరిపోతుంది. చలివేంద్రం కనిపించిన ప్రతిచోటా కడుపునిండా మంచినీళ్ళే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతులు, తికమక కలుగవచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, జొన్న అంబలి, ఓఆర్ఎస్ దీనిని నివారిస్తాయి. ఓఆర్ఎస్ పొట్లం లేనప్పుడు లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా అనగా టీ చెంచా. కొలత తప్పి ఉప్పు ఎక్కువ కారాదు.

మాట తడబడుట, తూలుట, ఒళ్ళు కాలిపోతూ ఉండుట వడదెబ్బకు గుర్తులు. చెమట పోస్తున్నా వడదెబ్బ కావచ్చు. 108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోపు మనిషిని నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోస్తూ విసరవలెను. ప్రాణం నిలిచేది మొదటి అరగంటలో ఒళ్ళు చల్లబరచుటపై ఆధారపడి ఉంటుంది. స్పృహ సరిగాలేని మనిషి నోట్లో నీళ్ళు పోయరాదు.

మాలావత్ పూర్ణ ఉదాహరణ

క్రమశిక్షణతో కూడిన సాధన ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి జగిత్యాల జిల్లా పొరుగునే ఒక ఉదాహరణ ఉన్నది. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థినిగా ఉండగా, 2014 మే 25న ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుండి ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ కార్యక్రమానికి ప్రోత్సాహకుడు, బచినేపల్లి శేఖర్ బాబు శిక్షకుడు.

ఆ పిల్లలను నేరుగా మంచుకొండలకు తీసుకుపోలేదు. మొదట భువనగిరి ఏకశిల గుట్టపై రాతి ఆరోహణ నేర్పారు. అందులో నిలిచినవారిని డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపారు. ఆ తరువాత లడఖ్‌లో శీతాకాలపు చలిలో శిక్షణ ఇచ్చారు. ప్రతి దశలో కొందరు మిగిలారు, కొందరు వెనుదిరిగారు. ఎత్తు, బరువు, చలి మూడూ ఒక్కసారిగా కాక ఒకదాని తరువాత ఒకటిగా పరిచయమయ్యాయి. పూర్ణ 2022లో డెనాలి శిఖరారోహణతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్తిచేసింది.

ఎవరు ముందుగా వైద్యుని సంప్రదించవలెను

నలభై ఏళ్ళు దాటి ఇంతవరకు వ్యాయామం చేయనివారు, రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా తీసుకొని మాత్రమే బరువుతో సాధన ఆరంభించవలెను. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేస్తాయి. ఎండలో నడిచే రోజున వాటిని ఎలా వాడవలెనో ముందే అడిగి తెలుసుకోవలెను, సొంతంగా మానరాదు. నడకలో ఛాతీ బిగుసుకుపోవుట, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకుట, అకారణంగా చెమటలు పట్టుట కనిపిస్తే అక్కడితో ఆగవలెను.

నొప్పి మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. పాదయాత్రలలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను చాక్లెట్ల వలె పంచుకొనే అలవాటు ఉన్నది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని ఇంకా తగ్గిస్తాయి. అలవాటు లేని కఠిన శ్రమలో చిట్లిన కండరాల నుండి వెలువడే పదార్థాలు కూడా ఆ మూత్రపిండాలనే చేరుతాయి. రెండూ కలిసినప్పుడు ఆరోగ్యవంతుడైన యువకునికి సైతం మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నడక ముగిసిన ఒకటి రెండు రోజులలో మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, చాలా తగ్గిపోయినా, తొడలు రాయిలా గట్టిపడి భరించలేని నొప్పి ఉన్నా అది అలసట అనుకొని ఇంట్లో పడుకోరాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి ఎంత దూరం నడిచినది, ఏ మాత్రలు వేసుకొన్నది వైద్యునికి చెప్పవలెను.